పురుగు తిన్నంత మేర

తుబాన్ రేవు పక్కన మా పెసంత్రెన్,
చదువూ పడకా ఒకే కప్పు కింద.
అరబ్బీ పంక్తి కింద జావా మాట
ఏటవాలుగా, పందిరికి పొట్లకాయల్లా వేలాడుతుంది.
వేలాడే అర్థం అంటాం దాన్ని.
కియాయ్ తమ్యీజ్ చదువుతారు, మేం రాసుకుంటాం.
ఆయనకు ఎంబా దసూకీ చదివి వినిపించాడు,
ఆ దసూకీకి ఇంకెవరో,
గొంతు నుంచి గొంతుకు, తాడు తెగకుండా.

పసుపు కాగితాల ఆ పుస్తకంలో
వాటాల అధ్యాయం దగ్గర ఒక కన్నం.
ఏ కాలపు పురుగో
మినపగింజంత తిని తన దారిన పోయింది.
ఇటు లామ్ కొన, అటు అలిఫ్ కాలు మిగిలాయి.
రెండూ కలిపి "లా" అన్నాడట ఎంబా దసూకీ.
లా అంటే లేదు.
వేటకు వెళ్లి తిరిగిరాని వాడి భార్యకు
ఆ పడవ తెచ్చిన చేపల్లో వాటా
లేదు.

నలభై ఏళ్లు ఆ కన్నంలోంచి
ఆ ఒక్క మాటే వినబడింది.

మనవరాలు నిహ్లా తెర వెనక కూర్చుని చదివేది.
ఒక రాత్రి ఆమె ఫోనులో
ఏదో చలిదేశపు గ్రంథాలయం ఫొటో తీసి పెట్టిన రాతప్రతి.
అదే పుస్తకం, అదే పుట,
పురుగు నడవని దారి.
రెండు వేళ్లతో సాగదీసి చూసింది.
లామ్‌కీ అలిఫ్‌కీ నడుమ, బొద్దుగా, ఒక హా.
"లహా".
లహా అంటే ఆమెకు.

తెల్లవారుజామున తాత ముందు పెట్టింది.
"ఎవరి దగ్గర విన్నావు?"
"ఫోనులో చూశాను."
"ఫోను ఎవరి దగ్గర విన్నది?"
ఆమె నోరు తెరిచి మూసుకుంది.
ఆయన అద్దాలు తుడుచుకుని
ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు.
వెలుగు ఆరిపోయింది.
తాకమంది. తాకాడు.
మూడు రోజులు పాఠం లేదు.

నాలుగోనాడు ఆ పుటే తెరిచి,
"ఉతావి" అని ఎత్తుకుని, ఆగి,
"ఇక్కడ నేను తప్పు" అన్నాడు.
కన్నం కింద ఒక హా వేలాడదీశాడు.
అంచున రాశాడు:
నిహ్లా చూపింది, తమ్యీజ్ చూశాడు.
అన్ని మగ పేర్ల తాడులో
ఆ పేరు తడితడిగా మెరవడం మేం చూశాం.

ఆ నలభై సెకన్లు తీసింది నేనే.
వెనక వరుసలో, మోకాలి చాటు నుంచి.
పుస్తకం పడలేదు అందులో, కన్నం పడలేదు,
"ఇక్కడ నేను తప్పు" ఒక్కటే పడింది.
మగ్రిబ్ వేళకు సురబయ చేరింది,
ఇషాకు సముద్రం దాటింది.
గడ్డం సరిగా రాని ఒకడు
కారులో కూర్చుని, సీటు బెల్టు కూడా విప్పకుండా
మా కియాయ్ మీద తీర్పు చెప్పాడు.
మూడు లక్షల మంది విన్నారు.
ఆయన నన్ను పిలిపించి
"నేనన్న మాటేగా" అన్నాడు.
తిడితే బాగుండేది.

శుక్రవారం నమాజు అయ్యాక చేపల సంతకు బయల్దేరాడు.
గొడుగు నేను పట్టాను.
ఎండుచేపల దగ్గర బు తర్సీనా.
ఇరవైరెండేళ్ల కిందట అడిగింది ఈమే.
లేదు అన్నది ఈయనే.
చెప్పాల్సింది నిలబడే చెప్పాడు, గొంతు తగ్గించకుండా.
ఆమె ఈగలు తోలుతూ,
"చూశాను. మావాడు చూపించాడు" అంది.
"ఎంత కావాలి?"
"పావుకిలో."
తూచింది. కాగితంలో చుట్టింది.
చిల్లర రూపాయి తేడా లేకుండా ఆయన అరచేతిలో లెక్కపెట్టింది.

అప్పుడు అడిగింది:
"ఆ పడవ పేరు గుర్తుందా మీకు?"

ఆయనకు గుర్తులేదు.
నా జేబులో ఫోను వెచ్చగా ఉంది.
చెయ్యి దాకా వెళ్లి ఆగాను.
ఎక్కడని వెతకను.